బాగున్న రోజున రాసిన మాట, బాగాలేని రోజుకు అండ

రాయగడ రైల్వే స్టేషన్‌లో విశాఖపట్నం వైపు వెళ్లే రైలు కోసం వేచివుండే జనంలో ఎప్పుడు చూసినా కొందరు రోగులు, వారి వెంట వచ్చిన బంధువులు కనిపిస్తారు. గుండెజబ్బు వారికైనా, మూత్రపిండాల జబ్బు వారికైనా చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో పాత చీటీలు, రక్త పరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు భద్రంగా ఉంటాయి. మనోవ్యాధితో బాధపడే మనిషిని తీసుకువెళ్లే కుటుంబానికి తరచు ఆ సంచి కూడా ఉండదు. మూడు రాత్రులుగా కన్ను మూయని మనిషిని ఇద్దరు చెరొక పక్క పట్టుకొని, ఊరివారి చూపులను తప్పించుకుంటూ రైలెక్కుతారు. తీరా ఆసుపత్రికి చేరాక డాక్టరు అడిగే ముఖ్యమైన ప్రశ్నలు మూడే. ఇంతకుముందు ఏ మందు పనిచేసింది? ఏ మందు పడలేదు? ఈ మనిషి తరఫున మాట్లాడేది ఎవరు?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు అందరికంటే బాగా తెలిసినది రోగికే. ఆ పూట ఆ జవాబు చెప్పగల స్థితిలో రోగి లేడు. మూడో ప్రశ్నకు భార్య ఒక మాట, అన్నగారు ఒక మాట, మామగారు మరొక మాట చెబుతారు.

ఈ మూడు ప్రశ్నలకూ రోగి తానే, తాను బాగున్న రోజుల్లో, జవాబు రాసి ఉంచుకొనే హక్కును భారతదేశపు చట్టం 2018 నుంచి గుర్తిస్తోంది. దాని పేరు ముందస్తు ఆదేశ పత్రం. చట్టం పుస్తకంలో హక్కు ఉండటం ఒకటి, అది ఊరి గడప దాకా రావటం మరొకటి. రెండు రాష్ట్రాలు, నాలుగైదు భాషల నడుమ బతికే కోరాపుట్, రాయగడ జిల్లాల కుటుంబాలకు ఈ పత్రం అవసరం మిగతా వారికంటే ఎక్కువే గాని తక్కువ కాదు.

వచ్చిపోయే జబ్బు

మనోవ్యాధులన్నిటిలోనూ ఈ పత్రం అతికినట్లు సరిపోయేది బైపోలార్ రుగ్మతకే. దీనిని తెలుగులో ద్విధ్రువ రుగ్మత అంటారు. పేరు చెబుతున్నట్లే ఇందులో మనసు రెండు కొసలకు ఊగుతుంది. ఒక కొసన ఉన్మాద దశ. నిద్ర తగ్గుతుంది, అయినా అలసట తెలియదు. మాట వేగం పెరుగుతుంది. పెద్ద పెద్ద పథకాలు పుడతాయి. చేతిలో డబ్బు నిలవదు. అడ్డు చెప్పిన వారిపై కోపం భగ్గుమంటుంది. మరొక కొసన కుంగుబాటు. మంచం దిగబుద్ధి కాదు, తిండి సహించదు, బతుకు మీదనే విరక్తి కలుగుతుంది. ఈ రెండు కొసల మధ్య నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల పాటు మనిషి మామూలుగానే ఉంటాడు. వరి నాట్లు వేస్తాడు, దుకాణం నడుపుతాడు, పిల్లల చేత పాఠాలు వల్లె వేయిస్తాడు.

పత్రం అవసరమూ, దాని సాధ్యతా రెండూ ఆ మధ్యకాలంలోనే ఉన్నాయి. ఒకటి రెండుసార్లు జబ్బు తిరగబెట్టిన మనిషికి తన జబ్బు తీరు తెలుసు. ముందుగా నిద్ర పోతుందా, కోపం వస్తుందా, ఏ మందుకు ఒళ్లు తూలింది, ఏ మందుకు కుదుటపడింది అన్నది అనుభవంతో నేర్చుకొని ఉంటాడు. అయితే ఉన్మాదం ముదిరినప్పుడు తనకు జబ్బు ఉన్నదన్న ఎరుకే అతనికి ఉండదు. ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉన్నాననే అనుకుంటాడు. అందుచేత తెలిసిన మనిషి తెలిసిన రోజున చెప్పిన మాటను దాచిపెట్టుకోవలసి వస్తుంది.

ఈ జబ్బు సాధారణంగా యుక్తవయసులో, చదువుకో పెళ్లికో సిద్ధమయ్యే ఈడులో మొదలవుతుంది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో బైపోలార్ ఉన్నవారిలో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందటం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాలలో ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. ఈ సరిహద్దు కొండల లెక్క ఆ సర్వేలో చేరలేదన్న మాట.

సంకెల నుంచి సంతకం దాకా

ఈ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1912 నాటి చట్టం పేరే పిచ్చివారి చట్టం. రోగిని సమాజం నుంచి వేరుచేసి ఉంచటమే దాని ధ్యేయం. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం మాట మార్చింది గాని, రోగి సమ్మతికి పెద్దగా చోటు ఇవ్వలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది మరణించారు. దేశం ఉలిక్కిపడింది. 2007లో వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ ఆమోదించింది. దానికి అనుగుణంగా రూపొందిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వెలువడి, 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది.

మానసిక రోగిని ఏ రీతిగానైనా గొలుసుతో కట్టివేయటాన్ని ఈ చట్టంలోని 95వ సెక్షన్ నిషేధించింది. 5వ సెక్షన్ మరొక అడుగు ముందుకు వేసింది. మైనరు కాని ప్రతి వ్యక్తి మూడు విషయాలు ముందుగా రాసి ఉంచవచ్చు. తనకు మానసిక రుగ్మత కలిగితే ఏ విధమైన చికిత్స, సంరక్షణ కావాలి? ఏ విధమైనది వద్దు? తన తరఫున నిర్ణయాలలో తోడుండే నియమిత ప్రతినిధి ఎవరు? ప్రతినిధులుగా ఒకరి తరువాత ఒకరుగా కొందరి పేర్లు వరుసగా రాయవచ్చు. మైనరు తరఫున చట్టబద్ధ సంరక్షకులు రాయవచ్చు.

ఈ పత్రం రాసే హక్కు ప్రతి వయోజనుడిదీ, గతంలో జబ్బు ఉన్నా లేకపోయినా. అందుచేత పత్రం రాసినంత మాత్రాన అది జబ్బు ఉన్నట్లు ఒప్పుకోలు కాదు. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇళ్లలో కాగితం మీద ఏదైనా పడితే ఏమవుతుందోనన్న భయం సహజం. చట్టంలోని 3వ సెక్షన్ ఆ భయానికి కొంత సమాధానం చెబుతోంది. మానసిక రుగ్మత ఉన్నట్లు డాక్టరు నిర్ధారించినా, కోర్టు ప్రకటించనిదే ఆ మనిషిని మతిస్థిమితం లేనివాడిగా భావించరాదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచటం 23వ సెక్షన్ ప్రకారం వైద్యుల బాధ్యత.

కాగితంలో ఏమి రాయాలి?

రాసేది ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత ఉపయోగం. ‘నాకు మంచి వైద్యం చేయించండి’ అన్న వాక్యం డాక్టరుకు ఏమీ చెప్పదు. ‘రెండు రాత్రులు వరుసగా నిద్రపోకుండా, తెల్లవారుజామునే ఊరంతా తిరగటం మొదలుపెడితే జబ్బు తిరగబెట్టినట్లు లెక్క. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. వద్దని నేను వాదించినా తీసుకువెళ్లండి’ అన్న వాక్యం ఎంతో చెబుతుంది.

మందుల సంగతి ప్రత్యేకంగా రాయాలి. బైపోలార్‌కు వాడే ప్రధాన ఔషధాలలో లిథియం ఒకటి. మంచి మందు, కాని రక్తంలో దాని మోతాదును పరీక్షలతో కనిపెట్టి ఉండాలి. మూత్రపిండాలు, థైరాయిడ్ పనితీరునూ చూస్తుండాలి. వేసవి వడగాడ్పులకో, వాంతులు విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గితే లిథియం రక్తంలో పెరిగి విషమవుతుంది. పొలం పనికి, వలస కూలికి పోయేవారు ఇది మరువరాదు. కొత్త ఊరిలో కొత్త డాక్టరు విరేచనాలకు మాత్రమే చికిత్స చేసి లిథియం సంగతి ఎరగకపోతే ప్రమాదం. ఏ మందు, ఎంత మోతాదు, చివరి రక్త పరీక్ష ఎప్పుడు అన్నవి పత్రానికి జతగా ఉండాలి. వైద్య రికార్డులు పొందే హక్కు కూడా ఈ చట్టం రోగికి ఇచ్చింది గనుక ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం అడిగి తీసుకోవాలి.

స్త్రీల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కాబట్టి బిడ్డలు కలిగే ఈడులో ఉన్న స్త్రీలకు దానిని సాధారణంగా వాడరాదని వైద్యులు చెబుతారు. ప్రసవానంతరం మొదటి వారాలలో బైపోలార్ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. గర్భం దాల్చక ముందే డాక్టరుతో మాట్లాడి, బాలింత దశలో ఏమి చేయాలో, బిడ్డను ఎవరు చూడాలో రాసి ఉంచటం తల్లికీ బిడ్డకీ క్షేమం. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదని 21వ సెక్షన్ చెబుతోంది.

వైద్యానికి వెలుపలి విషయాలూ పత్రంలో చేరవచ్చు. కొండ గ్రామాలలో మనసు చెదిరితే ముందుగా వెళ్లేది దిసారి వద్దకో, బెజుణి వద్దకో. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయటం వల్ల మేలు జరగదు. ‘పూజ చేయించండి, కాని మందు ఆపకండి, నన్ను కట్టివేయకండి’ అని రోగి తానే రాసి ఉంచితే ఇంటి పెద్దలూ, డాక్టరూ ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు. ఏ మాటకు తాను శాంతిస్తాడో, ఎవరిని చూస్తే రెచ్చిపోతాడో, ఏ భాషలో మాట్లాడితే అర్థమవుతుందో కూడా రాయవచ్చు.

ప్రతినిధిగా ఎవరు?

ఈ చట్టంలో గ్రామీణ కుటుంబాలు అన్నిటికంటే ముందుగా వాడుకోదగినది 14వ సెక్షన్. నియమిత ప్రతినిధిని ఎంచుకోవటానికి స్టాంపు కాగితం అక్కరలేదు, వకీలు అక్కరలేదు. తెల్ల కాగితం మీద రాసి సంతకం గాని, వేలిముద్ర గాని వేస్తే చాలు. ప్రతినిధి మైనరు కారాదు, ఆ బాధ్యత మోయగలవారై, అందుకు సమ్మతించినవారై ఉండాలి. ఆదేశ పత్రంలో ఎవరి పేరూ లేకపోతే చట్టం వరుస చెబుతుంది. ముందు బంధువు, తరువాత సంరక్షకుడు, ఆపైన సమీక్షా మండలి నియమించే తగిన వ్యక్తి.

ఆ వరుసను చట్టానికి వదిలివేయకుండా తామే రాసుకోవటం ఎందుకు మంచిదో సరిహద్దు పెళ్లిళ్లు చూస్తే తెలుస్తుంది. పార్వతీపురం వైపు పిల్ల రాయగడ వైపు కోడలవుతుంది. సాలూరు వైపు పిల్ల పొట్టంగి వైపు కాపురానికి వస్తుంది. జబ్బు చేసినప్పుడు అత్తింటివారు ఒకటి, పుట్టింటివారు ఒకటి అంటారు. ఆమె మనసులోని మాట ఎవరికి తెలుసు? భర్తకే తెలియవచ్చు. అక్కకో, మేనమామకో, పక్కింటి వదినకో తెలియవచ్చు. చట్టం ప్రకారం ప్రతినిధి రక్త సంబంధీకుడే కానవసరం లేదు. ఆమెకు నమ్మకం ఎవరిమీద ఉంటే వారిని రాసుకోవచ్చు. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ప్రతినిధి అంటే రోగికి యజమాని కాడు. రోగి ఇప్పటి కోరికనూ, మునుపటి కోరికనూ, అతని జీవన విధానాన్నీ, విలువలనూ లెక్కలోకి తీసుకోవాలని 17వ సెక్షన్ శాసిస్తోంది. ఆస్తి తగాదా ఉన్న దాయాదిని, జబ్బు పేరు చెప్పి లాభపడగల వారిని ప్రతినిధిగా రాయకపోవటం వివేకం.

పత్రానికి ఉన్న హద్దులు

ఈ పత్రం ఏమి చేయలేదో కూడా స్పష్టంగా తెలియాలి. లేకపోతే ఆశ పెట్టుకొని భంగపడటమే మిగులుతుంది.

మొదటిది, రోగి నిర్ణయ సామర్థ్యం కోల్పోయినప్పుడే పత్రం పనిలోకి వస్తుంది. ఆ శక్తి తిరిగి వచ్చే వరకే ఉంటుంది. శక్తి ఉన్నప్పుడు నోటితో చెప్పిన మాట పాత కాగితం కంటే పై మాట. ఇతరుల కంటికి తప్పుగా కనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదని అనరాదని 4వ సెక్షన్ హెచ్చరిస్తోంది.

రెండవది, అత్యవసర చికిత్సకు ఈ పత్రం అడ్డు రాదు. ప్రాణాపాయమో, తనకు గాని ఇతరులకు గాని తీవ్ర హానియో పొంచి ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ వైద్యుడైనా, అంటే సమితి కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరైనా, 72 గంటలకు మించకుండా అత్యవసర చికిత్స చేయవచ్చు. నియమిత ప్రతినిధి అందుబాటులో ఉంటే అతని సమ్మతి తీసుకోవాలి. రోగిని దగ్గరలోని మానసిక చికిత్సాలయానికి తరలించటం కూడా ఇందులో భాగమే. ఆ తరువాత కూడా రోగి ఒప్పుకోని పక్షంలో 89వ సెక్షన్ కింద, ప్రతినిధి దరఖాస్తుపై, ఇద్దరు నిపుణులు వేర్వేరుగా పరీక్షించిన మీదట 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఆ కాలంలో ముందస్తు ఆదేశాన్ని డాక్టరు పరిగణించాలి.

మూడవది, పత్రాన్ని పాటించటం తగదని డాక్టరుకో బంధువుకో అనిపిస్తే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి దరఖాస్తు చేయాలి. జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షతన ఉండే ఈ మండలిలో కలెక్టరు ప్రతినిధి, మనోవైద్యుడు, మరొక వైద్యుడు, రోగుల లేదా సంరక్షకుల పక్షాన ఇద్దరు ఉండాలి. రోగి తన ఇష్టంతోనే రాశాడా, తగిన సమాచారం తెలిసి రాశాడా, ఇప్పటి పరిస్థితిని ఉద్దేశించే రాశాడా అన్నవి మండలి విచారిస్తుంది. ఎవరికి వారు పత్రాన్ని చింపివేయటానికి వీలు లేదు.

నాలుగవది, అన్నిటికంటే ఎక్కువ అపార్థానికి తావిచ్చేది. ఈ పత్రం చికిత్సకు మాత్రమే సంబంధించినది. పొలం, పశువులు, బంగారం, బ్యాంకు ఖాతా దీని పరిధిలోకి రావు. ఉన్మాద దశలో అయినకాడికి అమ్ముకోవటం, వడ్డీకి అప్పు తేవటం కుటుంబాలను కుంగదీసే దెబ్బ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మామూలుగా స్థిమితంగా ఉండి అప్పుడప్పుడు స్థిమితం తప్పే మనిషి, తప్పిన సమయంలో ఒప్పందం చేసుకోజాలడు. కాని ఆ సంగతి కోర్టులో రుజువు చేయటం ఏళ్ల తరబడి సాగే పని. పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. రాసి ఇచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పితే ఆ అధికారమే రద్దవుతుందని అదే చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. అవసరమైన రోజుకే అది చేతికి రాదు. ఆదివాసీల భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా ఒడిశాలో 1956 నాటి రెండో రెగ్యులేషన్, ఆంధ్రలో 1/70 చట్టం కాపాడుతున్నా, ఎద్దుల జతకు, గొలుసుకు, చేతి సొమ్ముకు ఆ రక్షణ లేదు. అందుచేత బాగున్న రోజుల్లోనే ఇంటిల్లిపాదీ కూర్చొని, పాసు పుస్తకం, ఏటీఎం కార్డు, పట్టా కాగితాలు జబ్బు సూచనలు కనబడితే ఎవరి చేతికి ఇవ్వాలో మాట అనుకోవాలి. ఖాతాను ఉమ్మడిగా మార్చుకోవటం మరొక మార్గం.

దీనిని మరణ సమయపు వీలునామాతో కూడా కలపరాదు. కోలుకోలేని స్థితిలో కృత్రిమ శ్వాస వంటివి ఆపటం గురించి రాసే జీవన వీలునామాను సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించి, 2023 జనవరిలో దాని పద్ధతిని సులభం చేసింది. అది వేరు, ఇది వేరు. ఇది మనిషి కోలుకొని ఇంటికి తిరిగి రావటానికి రాసుకొనే కాగితం.

రెండు రాష్ట్రాల నడుమ

కోరాపుట్ జిల్లా 1936లో ఒడిశా ఏర్పడే వరకు మద్రాసు రాష్ట్రపు విశాఖ జిల్లా ఏజెన్సీలో భాగం. రాయగడ 1992లో దాని నుంచి విడివడింది. గీత గీసినా దారులు మారలేదు. కోరాపుట్, జయపురం వారు అరకు మీదుగా, రాయగడ వారు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలులో విశాఖకు వస్తారు. గుణుపురం వారికి నౌపడ మీదుగా శ్రీకాకుళం దారి. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఈ కొండల వారికి తరతరాలుగా తెలిసిన చిరునామా. 2017లో కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ప్రారంభమైనాక దగ్గరలో మరొక దారి తెరుచుకుంది. బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల, కటక్‌లోని ఎస్సీబీ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నా, రాయగడ కొండల నుంచి ఆ ప్రయాణం దీర్ఘమైనది.

చట్టం కేంద్ర చట్టం. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ హక్కు ఒకటే. అయితే దానిని అమలుచేసే రాష్ట్ర ప్రాధికార సంస్థలు, సమీక్షా మండళ్లు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. తన వద్ద నమోదైన పత్రాల ఆన్‌లైన్ రిజిస్టరును మండలి నిర్వహించాలని, అవసరమైనప్పుడు నిపుణులకు అందుబాటులో ఉంచాలని 7వ సెక్షన్ చెబుతోంది. కోరాపుట్ వాసి పత్రం ఒడిశాలో నమోదైతే, అర్ధరాత్రి విశాఖలో అతనిని చూసే డాక్టరుకు అది ఎలా తెలుస్తుంది? చట్టమే దీనికి ఒక సమాధానం సూచిస్తోంది. పత్రం డాక్టరుకు అందేటట్లు చూడటం రాసినవారి, వారి ప్రతినిధి బాధ్యత. నకలు అందని డాక్టరును, పాటించలేదని తప్పుపట్టడానికి లేదు. అందుచేత నకళ్లు కనీసం మూడు ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి ప్రతినిధి దగ్గర, ఒకటి మామూలుగా వెళ్లే ఆసుపత్రిలో. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవటం మరీ మంచిది.

పొట్టంగి సమితిలోని కొటియా గ్రామాలు ఈ చిక్కుకు పరాకాష్ఠ. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న ఆ ఊళ్లలో ఇరువైపుల కార్డులూ ఉన్న కుటుంబాలు ఉన్నాయి. బియ్యానికీ పింఛనుకూ రెండు ప్రభుత్వాలు పోటీపడి వచ్చే చోట, మనసు చెదిరిన మనిషి పత్రాన్ని ఏ మండలి నమోదు చేసుకోవాలన్న ప్రశ్న ఎవరికీ పట్టదు. రెండు రాష్ట్రాల అధికారులు ఒకసారి కూర్చొని, ఒక చోట నమోదైన పత్రాన్ని రెండో చోట గౌరవించే పద్ధతి ఏర్పరచటం అసాధ్యమైన పనేమీ కాదు.

భాష మరొక గోడ. చికిత్స సమాచారాన్ని రోగికి అర్థమయ్యే సరళమైన భాషలో చెప్పాలని 4వ సెక్షన్ విధించింది. ఇక్కడ ఇంట్లో కువి, బజారులో దేశియా, కార్యాలయంలో ఒడియా, విశాఖ ఆసుపత్రిలో తెలుగు. ‘మనసు బాగాలేదు’ అన్న ఒక్క మాటే ఈ నాలుగు మజిలీలలో నాలుగు అర్థాలు సంతరించుకుంటుంది. పత్రాన్ని రోగి భాషలో చెప్పించి, ఒడియాలోనూ తెలుగులోనూ పక్కపక్కన రాసి ఉంచితే గీతకు ఇరువైపులా అది పనికివస్తుంది. చదువు రానివారు చెప్పిన మాటను మరొకరు యథాతథంగా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాలి. ఊళ్లలో ఇటువంటి కాగితం తరచు బడి పంతులు దగ్గరకో, అంగన్‌వాడీ కార్యకర్త దగ్గరకో వస్తుంది. రాసేవారు తమ సలహాను రోగి మాటగా రాయకూడదు. బలవంతంతో రాయించినదని తేలితే మండలి ముందు ఆ పత్రం నిలవదు.

కుటుంబమా, వ్యక్తియా?

ఈ పత్రాన్ని విమర్శించే విజ్ఞులూ ఉన్నారు. ఇది పడమటి దేశాల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన అని, మన దేశంలో రోగిని మోసేది కుటుంబమేనని, రోగి కాగితం చూపించి కుటుంబం చేతులు కట్టివేయటం అన్యాయమని వారి వాదన. మందే వద్దని రాసి పెట్టుకుంటే ఇంటివారు ఏమి కావాలి? ఈ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. రాత్రంతా మేలుకొని కాపలా కాసేది తల్లి. తగాదా పడిన పొరుగువారి కాళ్లు పట్టుకొనేది భార్య.

అయితే ఈ జబ్బును అనుభవించినవారు నిజంగా ఏమి కోరుకుంటున్నారు? 2021లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో బైపోలార్ ఉన్న 565 మందిని, జబ్బు ముదిరినప్పుడు తాము వద్దన్నా చికిత్స చేయమని ముందుగా రాసి ఇచ్చే పద్ధతిపై అభిప్రాయం అడిగారు. 82 శాతం మంది దానిని సమర్థించారు. చికిత్స నుంచి తప్పించుకోవటానికి కాక, తమ నుంచి తమను కాపాడుకోవటానికే ఎక్కువమంది ఈ కాగితాన్ని కోరారన్న మాట. బ్రిటన్ వేరు, బిస్సంకటక్ వేరు కావచ్చు. కాని జబ్బు దిగిపోయాక తల ఎత్తుకోలేక, ‘నన్ను ముందే ఎందుకు ఆపలేదు’ అని ఇంటివారిని అడిగే మనిషి బాధ అంతటా ఒకటే.

కుటుంబానికి కూడా ఈ పత్రం బరువు కంటే ఊరటే. బలవంతంగా ఆసుపత్రికి తీసుకువెళ్లారన్న కోపం నయమైన తరువాత కూడా ఏళ్ల తరబడి ఇళ్లలో నలుగుతూ ఉంటుంది. ‘నీవు చెప్పినట్లే చేశాము’ అని చూపించటానికి అతని చేతిరాతే ఉంటే ఆ కోపానికి చోటుండదు. ఆ కాగితం రాసే రోజున జరిగే సంభాషణ కాగితం కంటే విలువైనది. ఏమి జరిగింది, ఎవరికి ఎక్కడ నొప్పి కలిగింది అన్నది ఇంట్లో మొదటిసారి నోరు విప్పి మాట్లాడుకొనేది బహుశా అప్పుడే.

చేయవలసినది

ప్రభుత్వాల బాధ్యత చిన్నది కాదు. మానసిక రోగి సేవల కోసం దూరాభారాలు పోనవసరం లేకుండా నివాసానికి దగ్గరలోనే అవి ఉండాలని 18వ సెక్షన్ స్వయంగా చెబుతోంది. ముందస్తు ఆదేశపు నమూనా పత్రం ఒడియా, తెలుగులతో పాటు కువి, సవర, దేశియా మాటల వారికి చదివి వినిపించేందుకు ఆశా కార్యకర్తల చేతిలో ఉండాలి. సమీక్షా మండలి ఎక్కడ కూర్చుంటుందో, పత్రం ఎలా నమోదు చేయాలో ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రాసి ఉండాలి. హక్కు ఇచ్చి చిరునామా ఇవ్వకపోతే ఇవ్వనట్లే.

కుటుంబాలు అంతవరకు ఎదురుచూడనక్కరలేదు. జబ్బు సద్దుమణిగి ఉన్న ఒక మంచి రోజున, తెల్ల కాగితం మీద ప్రతినిధి పేరు రాసి సంతకమో వేలిముద్రో వేయటం నేడే చేయదగిన పని. తరువాత, చికిత్స చేసే డాక్టరును సంప్రదించి, నిర్దేశిత నమూనాలో ఇద్దరు సాక్షుల ఎదుట ఆదేశ పత్రం పూర్తిచేసి మండలిలో నమోదు చేయించుకోవాలి. నమోదు ఆలస్యమైనా, ఆ కాగితంలోని మందుల వివరాలు డాక్టరుకు దారి చూపుతాయి. జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ, మందు మారిన ప్రతిసారీ దానిని తిరగరాయాలి. ఎన్నిసార్లయినా మార్చుకొనే హక్కు ఉంది. చావు మాటలు వినిపించినా, ఏమి చేయాలో తోచకపోయినా కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు.

వాన రాకముందే ఇల్లు కప్పుకోవటం కొండ పల్లెలకు ఎవరూ నేర్పనక్కరలేదు. గడ్డి ఎండగా ఉన్నప్పుడే కోయాలని, తడిసిన గడ్డి కప్పుకు పనికిరాదని తెలిసినవారే. మనసుకు కూడా ఆ కప్పు వేసుకొనే కాలం ఎండ కాసే కాలమే. రాయగడ స్టేషన్‌లో రైలు కోసం నిలబడే ఆ కుటుంబం చేతిలోనూ ఒక సంచి ఉండాలి. అందులో అన్నిటికంటే పైన, జబ్బుపడిన మనిషి తన సొంత మాటల్లో రాసుకున్న కాగితం ఉండాలి.